సోషియాలజీ పీజీ చేశారా? యూజీసీ నెట్‌కు దరఖాస్తు ఇలా

సోషియాలజీ చదివితే ఏం ఉద్యోగం వస్తుందని ఇంట్లో అడిగితే చాలామంది గ్రూప్స్, సివిల్స్ పేర్లు చెప్పి ఊరుకుంటారు. యూజీసీ నెట్ గురించి కూడా చెప్పాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) మూడూ ఈ ఒక్క పరీక్షతోనే వస్తాయి. జేఆర్‌ఎఫ్ సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 ఇస్తారు. చదువు కోసం ఇంట్లో డబ్బు అడగలేని పిల్లలకు ఇది నిజంగా పెద్ద అండ.

ఎంఏలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఆదాయ పరిమితి దాటని ఓబీసీలు), దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లకు 50 శాతం చాలు. ఫైనలియర్ వాళ్లూ రాయొచ్చు. మూడేళ్ల బీఏ ఒక్కటే ఉంటే కుదరదు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వచ్చినవాళ్లు జేఆర్‌ఎఫ్, పీహెచ్‌డీల కోసం రాయొచ్చు. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 ఏళ్లు దాటకూడదు. మహిళలకు, రిజర్వుడ్ వర్గాలకు అయిదేళ్ల సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వయోపరిమితే లేదు.

పరీక్ష ఏటా రెండుసార్లు, జూన్, డిసెంబర్ పేర్లతో జరుగుతుంది. నోటిఫికేషన్ రాగానే, పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ వారి యూజీసీ నెట్ సైట్‌లో రిజిస్టర్ అవ్వాలి. మొబైల్ నంబర్, మెయిల్ మీ సొంతవే ఇవ్వండి, నెట్ సెంటర్ వాళ్లవి వద్దు. ఓటీపీలు, తర్వాతి సమాచారం అన్నీ వాటికే వస్తాయి. మన దగ్గర పేరుతోనూ ఓ చిక్కుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. నోటిఫికేషన్ రాకముందే ఆధార్‌ను మెమోకు తగ్గట్టు సరిచేయించుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు.

సబ్జెక్టు కోడ్ 05, సోషియాలజీ. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు సిలబస్‌లోని పది యూనిట్ల పారిభాషిక పదాలను ఇంగ్లిష్‌లోనూ ఇప్పటినుంచే రాసిపెట్టుకోండి. సబ్జెక్టు తెలిసీ పదం తెలియక మార్కులు పోగొట్టుకోవడం బాధాకరం. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలొద్దు.

ఎక్కువమంది పొరబడేది కేటగిరీ దగ్గర. రాష్ట్రంలో బీసీ-ఏ, బీసీ-డీ అని ఉంటే ఇక్కడ ఓబీసీ అయిపోయినట్టు కాదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఉంటే కేంద్ర ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, తహసీల్దార్ ఇస్తారు. నాన్ క్రీమీలేయర్‌కు ఉన్న ఏడాదికి రూ.8 లక్షల ఆదాయ పరిమితిలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఇది తెలియక అర్హత ఉన్నా జనరల్‌లో దరఖాస్తు చేసేవాళ్లున్నారు. తహసీల్దార్ ఆఫీసులో రోజులు పడుతుంది కాబట్టి దీన్ని చివరి వారానికి వదలకండి.

ఇటీవలి నోటిఫికేషన్లలో ఫీజు జనరల్‌కు రూ.1,150, ఈడబ్ల్యూఎస్, ఓబీసీలకు రూ.600, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లకు రూ.325. డబ్బు కట్ అయినంత మాత్రాన దరఖాస్తు పూర్తయినట్టు కాదు. కన్ఫర్మేషన్ పేజీ డౌన్‌లోడ్ అయితేనే పూర్తయినట్టు. దాన్ని ప్రింట్ తీసి దాచుకోండి. గడువు ముగిశాక సవరణలకు కొద్ది రోజులు అవకాశమిస్తారు. అన్నీ మార్చనివ్వరు కాబట్టి సబ్మిట్ కొట్టేముందే పేరు, పుట్టినతేదీ, కేటగిరీ ఇంకోసారి చదువుకోండి.