నీస్ వెళ్తున్నారా? ఒక్క రూమ్ తీస్కోండి, మిగతాది ట్రైన్ చూస్కుంటుంది

ఫ్రాన్స్ దక్షిణాన నీస్ వైపు వెళ్ళేవాళ్ళు చాలామంది రోజుకో ఊళ్ళో హోటల్ బుక్ చేస్తారు, సూట్‌కేసులు ఈడ్చుకోడానికే సగం ట్రిప్ అయిపోద్ది. నీస్‌లోనే, నీస్-విల్ స్టేషన్‌కి నడిచెళ్ళే దూరంలో రూమ్ తీస్కోండి. ఎయిర్‌పోర్ట్ నుంచి ట్రామ్ లైన్ 2 ఊరి మధ్యకి తెచ్చి వదుల్తుంది, టాక్సీ జోలికి పోనక్కర్లేదు.

బీచ్ అనగానే ఇసుక అనుకోకండి, అంతా గులకరాళ్ళే. నేను చెప్పులు వదిలేసి హీరోలా దిగి, చివరికి చేతులు కూడా ఆనించి పాక్కుంటూ బయటికొచ్చా. నీళ్ళలో వేసుకునే షూస్ తప్పనిసరి. ఇసుకే కావాలంటే ట్రైన్లో పది నిమిషాల్లోపు విల్‌ఫ్రాంష్, స్టేషన్ దిగితే కిందే బీచ్.

పాత ఊళ్ళో కూర్ సలేయా మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళండి, పూలు, కూరగాయలు, పళ్ళు. సోమవారం మాత్రం వెళ్ళి నాలా బిక్కమొహం వెయ్యకండి, ఆరోజు పాత సామాన్ల సంత. అక్కడ సొక్కా అనే అట్టు తినాల్సిందే, శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె కలిపి పెద్ద రాగి పళ్ళెంలో కట్టెల పొయ్యిలో కాలుస్తారు, అంచులు మాడి మధ్యలో మెత్తగా ఉంటుంది, పైన మిరియాల పొడి, చల్లారకముందే లాగించెయ్యాలి. వెజిటేరియన్లకి పండగే. పిస్సలాదియేర్ మాత్రం ఉల్లిపాయల పిజ్జాలా కనిపించి మోసం చేస్తుంది, అందులో చేపలుంటాయి.

పక్కనే కొండ, పేరు కోట కొండ గానీ కోటని 1706లో ఫ్రాన్స్ రాజు లూయీ 14 పడగొట్టించేశాడు. వ్యూ కోసం ఎక్కండి, లిఫ్ట్ ఫ్రీ. చిత్రకారులు మతీస్, షగాల్‌ల మ్యూజియంలు మంగళవారం మూత.

ఇక ట్రైన్లో తూర్పుకెళ్ళేప్పుడు కుడి పక్క కిటికీ పట్టండి, సముద్రం అటే. మొనాకో అరగంట కూడా పట్టదు, ఇంకాస్త ముందుకెళ్తే నిమ్మకాయల ఊరు మాంతోన్, అది దాటితే ఇటలీలో వెంతిమీలియా, శుక్రవారం పెద్ద సంత. వచ్చేప్పుడు బోర్డర్ దగ్గర పోలీసులు ట్రైన్ ఎక్కి చెక్ చేస్తుంటారు, పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి.

కొండమీది ఊరు ఎజ్ దగ్గరే చాలామంది బుక్కైపోతారు. స్టేషన్ పేరు ఎజ్-సుర్-మేర్, కానీ ఫొటోల్లో చూసే ఊరు నెత్తిమీద 400 మీటర్ల పైన ఉంటుంది, స్టేషన్ దగ్గర్నుంచి తత్వవేత్త నీచె పేరు పెట్టిన కాలిబాటలో గంటకి పైగా ఎక్కుడే ఎక్కుడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పని పెట్టుకోకండి, నీస్ నుంచి బస్సులో పైకెళ్ళి అదే బాటలో కిందికి దిగొచ్చి ట్రైన్ ఎక్కండి. బయల్దేరే ముందు రైల్వే యాప్ ఓసారి చూడండి, 'గ్రెవ్' అని కనబడితే సమ్మె, ఆరోజుకి మళ్ళీ సొక్కానే.