ట్రైక్ డెలివరీ లేటవుతోందా? విన్ నంబర్ అడగండి

కొత్త మోటార్‌సైకిల్ ట్రైక్ (మూడు చక్రాల బైక్) బుక్ చేసి, చెప్పిన తేదీ దాటిపోయి టెన్షన్ పడుతున్నారా? డీలర్‌ని "ఎప్పుడొస్తుంది?" అని అడిగితే "త్వరలోనే" అంటారు. దాని బదులు "నా ఆర్డర్‌కి విన్ నంబర్ కేటాయించారా?" అని అడగండి. విన్ (VIN) అంటే ఒక్కో బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబర్. 17 అక్షరాలు, అంకెలు కలిసిన ఆ నంబర్ చేతికొస్తే ఫలానా బండి మీదేనని తేలినట్టు. అది ఫ్యాక్టరీలో ఉందా, దారిలో ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. నంబరే లేదంటే వాళ్లు చెప్పే తేదీ అంచనా మాత్రమే. మామూలు బైక్‌కి కిట్ బిగించి ట్రైక్‌గా మార్చేదైతే, బైక్ వచ్చినా కిట్ రాకపోవచ్చు. రెండిటి సంగతీ విడిగా కనుక్కోండి. కొత్త తేదీ, అడ్వాన్స్ వాపసు షరతులు రాతపూర్వకంగా తీసుకోండి, ఇది మాత్రం వదలొద్దు.

ఈలోగా బండి వెడల్పు చూసి మీ గేటు, షెడ్డు కొలుచుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. వెనక రెండు చక్రాలున్న ట్రైక్ సాధారణంగా మలుపులో బైక్‌లా వంగదు, ముందు చక్రం ఎటు తిరిగితే అటే పోతుంది. బైక్ అలవాటుతో కుడికి తిరగడానికి కుడి హ్యాండిల్‌ని ముందుకు నెట్టారంటే బండి ఎడమకి పోతుంది! వీలుంటే ట్రైక్ శిక్షణ ఇప్పుడే తీసుకోండి. కదులుతున్నప్పుడు కాలు కింద పెట్టే అలవాటు కూడా మానాలి, వెనక చక్రం పాదం మీదకి ఎక్కే ప్రమాదం ఉంది.