హామ్లెట్ పక్కన నిలబడ్డ చిన్న పాత్రలు: విశ్లేషణ ఎలా రాయాలి

నాయకుడికీ చిన్న పాత్రకీ ఉన్న తేడాలు ఏరుకుంటూ కూర్చుంటే వ్యాసం ముందుకు సాగదు. ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా తేడాలు బోలెడు. ముందు పోలిక వెతకండి. ఇద్దరికీ ఒకే కష్టం వచ్చి, ఒకచోట దారులు చీలాలి. నాయకుడి స్వభావం దొరికేది అక్కడే.

షేక్స్‌పియర్ ‘హామ్లెట్’లో తండ్రిని పోగొట్టుకున్న కొడుకులు ముగ్గురు. హామ్లెట్ తండ్రిని బాబాయి క్లాడియస్ చంపాడు. లేర్టీస్ తండ్రి పొలోనియస్ హామ్లెట్ చేతిలోనే పోయాడు. నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ తండ్రిని హామ్లెట్ తండ్రి ద్వంద్వయుద్ధంలో చంపాడు. పోలిక కుదిరింది కాబట్టి రెండు సన్నివేశాలు పక్కపక్కన రాసుకోండి.

మూడో అంకం మూడో రంగం: క్లాడియస్ ఒంటరిగా మోకరిల్లి ఉన్నాడు. హామ్లెట్ కత్తి దూసి, మళ్లీ ఒరలో పెట్టేస్తాడు. ప్రార్థనలో ఉండగా చంపితే నేరుగా స్వర్గానికి పోతాడట! నాలుగో అంకం ఏడో రంగం: తండ్రి కోసం ఏం చేస్తావని అదే క్లాడియస్ అడిగితే, చర్చిలోనైనా సరే హామ్లెట్ గొంతు కోస్తానంటాడు లేర్టీస్.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ‘లేర్టీస్ ధైర్యవంతుడు, హామ్లెట్ పిరికివాడు’ అని రాసేస్తారు. నాటకం దీన్ని ఒప్పుకోదు. తెర వెనక అలికిడి వినగానే పొడిచినవాడు, సముద్రం మీద దొంగల ఓడలోకి ఒంటరిగా దూకినవాడు పిరికివాడెలా అవుతాడు? నాలుగో అంకం ఏడో రంగాన్నే ఇంకాస్త చదవండి. లేర్టీస్ ఆవేశాన్ని క్లాడియస్ అక్కడికక్కడే హామ్లెట్‌ని చంపే తన పన్నాగానికి వాడుకుంటాడు. కత్తికి విషం పూస్తానని లేర్టీస్ తనంతట తానే అంటాడు. వెంటనే కదిలినవాడు హంతకుడి చేతిలో పనిముట్టయ్యాడు. హత్య సంగతి చెప్పిన తండ్రి దయ్యం మాటని కూడా రాజు ముందు నాటకం ఆడించి పరీక్షించుకున్న హామ్లెట్ జాప్యం దీని పక్కన పెడితే కొత్తగా కనిపిస్తుంది. మీ వాదన ఈ చీలిక మీద నిలబడాలి.

ఫోర్టిన్‌బ్రాస్ దగ్గర ఒక జాగ్రత్త. అతని సైన్యాన్ని చూసి హామ్లెట్ తనని తాను తిట్టుకునే స్వగతం (నాలుగో అంకం నాలుగో రంగం) 1604-05 ముద్రణలో ఉంది, 1623 ఫోలియోలో (షేక్స్‌పియర్ నాటకాల సంపుటిలో) లేదు. మీ ప్రతిలో ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంకొకటి: హామ్లెట్ మెచ్చుకున్నాడని షేక్స్‌పియర్ మెచ్చినట్టు కాదు. చచ్చినవాళ్లని పూడ్చడానికైనా చాలని నేల కోసం ఆ సైన్యం వెళ్తోందని అదే స్వగతంలో ఉంది. ఆ వాక్యాన్ని దాటేసి ఫోర్టిన్‌బ్రాస్‌ని ఆదర్శ వీరుణ్ణి చేస్తే వాదన కూలుతుంది.

హామ్లెట్ స్నేహితుడు హొరేషియోకి తీర్చుకోవాల్సిన పగ లేదు. అతనిది స్వభావంలో తేడా మాత్రమే. ఆవేశానికి బానిస కాడని హామ్లెట్ అతన్ని పొగుడుతాడు (మూడో అంకం రెండో రంగం). కానీ చివర్లో విషపాత్ర అందుకునేది ఆ హొరేషియోనే, లాక్కునేది హామ్లెట్. అందుకే ‘స్థితప్రజ్ఞుడు’ అని ముద్ర వేసి వదిలేయకండి.

పేరా కట్టేటప్పుడు మొదట పోలిక ఒక్క వాక్యంలో, తర్వాత ఇద్దరి సన్నివేశాల నుంచి ఒక్కో ఘటన అంకం, రంగం సంఖ్యలతో, ఆఖర్న హామ్లెట్ గురించి ఒక నిర్ధారణ. ఆ ఆఖరి వాక్యానికి కర్త లేర్టీస్ అయితే పేరా దారి తప్పింది, తిరగరాయండి. మూడు పేజీల వ్యాసానికి ఇలాంటి పాత్రలు రెండు చాలు.