ఏఎఫ్‌ఎం కింద లిపోసోములు పెట్టేముందు జాగ్రత్తలు

నెల్లూరులో లిపోసోములపై (మందును మోసే అతిచిన్న కొవ్వు బుడగలు) ఫార్మసీ పరిశోధన చేస్తున్న విద్యార్థులు, సన్నని మొనతో ఉపరితలాన్ని తడిమి చిత్రం గీసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు (ఏఎఫ్‌ఎం) ముందు కూర్చునేలోపు ఇవి చూసుకోవాలి.

• నమూనాను ఉంచే అభ్రకం పలక పైపొరను టేపుతో అప్పటికప్పుడే ఊడదీయండి. అభ్రకం గనులున్న సైదాపురం దగ్గరివాళ్లకు ఆ పొరల సంగతి కొత్త కాదు. తాజాగా తేలిన నునుపు మీదే నానోమీటర్ల కణం స్పష్టంగా కనిపిస్తుంది.

• లిపోసోములను ఆరనివ్వకండి. అన్నిటికంటే ఇదే ముఖ్యమంటాను. ఆరితే చదునై పగిలిపోతాయి. బఫరులోని (ఆమ్లత మారకుండా నిలిపే ద్రావణం) ఉప్పు స్ఫటికాలై మందు కణాల్లా భ్రమపెడుతుంది. ద్రవంలోనే ఉంచి, ట్యాపింగ్ పద్ధతిలో (మొన ఆనీ ఆనకుండా తడుతూ పోయేది), వీలైనంత తక్కువ బలంతో చూడండి.

• నీటిలో అభ్రకానిది రుణావేశం. లిపోసోములదీ అదే అయితే అంటుకోవు. మెగ్నీషియం అయాన్లు కలిపి చూడండి.

• మొన మొద్దుబారిందేమో ప్రామాణిక నమూనాపై ముందే పరీక్షించండి. కణాలన్నీ ఒకే వంకర ఆకారంలో కనిపిస్తే అనుమానించవలసింది మొననే.

• ఫ్యాను ఆపండి, ప్రకంపనలు చిత్రంలో గీతలుగా పడతాయి.