పోల్ పెట్టినా పలకని క్లాసు: లెక్చరర్లకు సమస్య - పరిష్కారం

50 నిమిషాల పీరియడ్‌లో ప్రొజెక్టర్ వెలగడానికి పది నిమిషాలు, అందరూ పోల్ (ఫోన్లో ఓటు వేసి జవాబు చెప్పే ప్రశ్న) లింకు తెరవడానికి ఇంకో పది పోతే పాఠానికి మిగిలేది అరగంటే. కింద రాసినవి 60 మంది ఉండే డిగ్రీ, ఇంజినీరింగ్ సెక్షన్లలో రోజూ ఎదురయ్యే తిప్పలు. కేబుళ్లు, అనుమతులు, ఫాంట్ల గొడవలు త్వరగా తేలిపోతాయి కాబట్టి వాటిని ముందు ముగిద్దాం. అసలు చిక్కు మనం అడిగే ప్రశ్నలో ఉంటుంది, అది మాత్రం త్వరగా తేలదు.

ప్రొజెక్టర్ మీద బొమ్మ రావడం లేదు

ఈ వరసలోనే చూడండి: కేబుల్ రెండు చివరలా గట్టిగా దిగిందా, ప్రొజెక్టర్ రిమోట్ మీద సోర్స్ బటన్‌తో మీరు గుచ్చిన పోర్టునే ఎంచుకున్నారా, ఆ తర్వాత లాప్‌టాప్. విండోస్ కీ పట్టుకొని పి నొక్కితే నాలుగు ఎంపికలు వస్తాయి, వాటిలో డూప్లికేట్ ఎంచుకోండి. స్లైడ్ మీ తెరమీద కనిపిస్తూ గోడమీద ఖాళీ డెస్క్‌టాప్ ఒక్కటే కనిపిస్తుంటే అది ఎక్స్‌టెండ్‌లో ఉన్నట్టు.

బొమ్మ వచ్చింది కానీ గులాబీ రంగో పసుపో కొడుతోందంటే అది పాత వీజీఏ కేబుల్ పని. పిన్ను వంగడం వల్లో వదులు కావడం వల్లో ఒక రంగు అందడం లేదు. స్క్రూలు బిగించినా మారకపోతే కేబుల్ మార్చడమే. వీజీఏలో శబ్దం వెళ్లదు కాబట్టి వీడియోకి స్పీకర్ వైరు విడిగా కావాలి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంకో తిరకాసు: లాప్‌టాప్ శబ్దాన్ని తనంతట తానే ప్రొజెక్టర్‌కి పంపేస్తుంది, చాలాసార్లు ప్రొజెక్టర్‌లో స్పీకరే ఉండదు. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి అవుట్‌పుట్‌ను వెనక్కి మార్చండి.

అక్షరాల సైజు సంగతి తేల్చుకోవాలంటే స్లైడ్ పెట్టి మీరే వెళ్లి చివరి బెంచీలో కూర్చోండి. 24 పాయింట్ల కంటే చిన్నది అక్కడికి చేరదు.

లింకు నొక్కితే "అనుమతి కావాలి" అంటోంది

మీరు కాలేజీ ఖాతాతో గూగుల్ ఫారం చేశారు, పిల్లలు సొంత జీమెయిల్‌తో తెరుస్తున్నారు. కాలేజీ ఖాతాలో చేసిన ఫారం చాలాసార్లు ఆ డొమైన్ వాళ్లకే తెరుచుకునేలా పుడుతుంది. ఫారం ఎవరు నింపవచ్చు అన్నచోట లింకు ఉన్న ఎవరైనా అని మార్చండి. మార్కులు లెక్కలోకి వచ్చే పరీక్షయితే మార్చకండి, కాలేజీ ఖాతాతోనే రమ్మనండి. ఒకరికి ఒకే జవాబు అనే ఆంక్ష పెట్టినా, ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టినా లాగిన్ తప్పదు.

ఫైల్ అప్‌లోడ్‌తో ఇంకో గొయ్యి ఉంది. ఒక ఫారానికి మొత్తం 1 జీబీ వరకే అన్నది మొదట ఉండే పరిమితి. 60 మంది ఒక్కొక్కరు ఫోన్లో తీసిన ఆరేడు ఫొటోలు ఎక్కిస్తే అది నిండిపోయి, గడువు రాత్రి పదకొండింటికి ఫారం మూతపడుతుంది. సెట్టింగ్స్‌లో పరిమితి పెంచండి. లేదా ఫొటోలన్నీ ఒకే పీడీఎఫ్‌గా స్కాన్ చేసి పంపమనండి, దిద్దడానికి మీకూ అదే సుఖం. ఆ ఫైళ్లన్నీ చేరేది మీ డ్రైవ్‌లోకే. సొంత ఖాతా అయితే అందులో ఉచితంగా ఉండేది 15 జీబీ.

గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఇచ్చిన వర్క్‌షీట్‌ను అందరూ కలిసి చెరిపేశారు

ఫైల్ జతచేసేటప్పుడు మూడు ఎంపికలుంటాయి: చూడగలరు, మార్చగలరు, ఒక్కొక్కరికి ఒక్కో కాపీ. మీరు రెండోది నొక్కారు. మూడోది అసైన్‌మెంట్ పంపాక దొరకదు, పంపకముందే ఎంచుకోవాలి. ఇప్పుడు ఫైల్‌లో వెర్షన్ హిస్టరీ తెరిచి పాత రూపం వెనక్కి తెచ్చుకోండి, అసైన్‌మెంట్ తీసేసి కొత్తగా పంపండి.

తెలుగు ప్రశ్న అతికిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి

తెలుగు మీడియం డిగ్రీ లెక్చరర్లకు బాగా తెలిసిన బాధ. పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంట్లు తెలుగు బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకున్నాయి. ఫాంటు లేని చోటికి వెళ్లగానే అడుగునున్న ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు బయటపడతాయి. ఫాంటు మారిస్తే పోయే జబ్బు కాదిది. అను నుంచి యూనికోడ్‌కి (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే అక్షర పద్ధతి) మార్చే కన్వర్టర్‌లో పాఠాన్ని వేసి, వచ్చినదాన్ని ఫారంలో పెట్టండి. మార్చాక వత్తులు, క్ష, జ్ఞ, అంకెలు, బ్రాకెట్లు ఒకసారి కళ్లతో చదవాలి, కన్వర్టర్లు తడబడేది అక్కడే. ఇకనుంచి కొత్త పేపర్లు యూనికోడ్‌లోనే టైపు చేస్తే ఈ పని మళ్లీ పడదు.

పోల్ పెడితే సగం మంది ఫోన్లలో తిరుగుడు గుర్తే తిరుగుతోంది

60 ఫోన్లు ఒక్కసారిగా ఒకే వైఫై పెట్టె మీద పడ్డాయి, లేదా గది మధ్యలో మొబైల్ సిగ్నల్ అందడం లేదు. ఇది కాకుండా ఉచిత ఖాతాలో ఎంతమంది చేరవచ్చో ఒక పరిమితి ఉంటుంది. మొదటి కొందరు చేరి తర్వాతివాళ్లు ఆగిపోయారంటే నెట్‌ను తిట్టకముందు ఆ సంఖ్య చూసుకోండి. కహూట్ లాంటి క్విజ్ ఆటల్లో వేగంగా నొక్కినవాళ్లకు ఎక్కువ పాయింట్లు. అంటే మంచి నెట్ ఉన్నవాడికి మార్కులన్నమాట. ఆ పాయింట్లను ఇంటర్నల్స్‌లో కలపవద్దు. పేరు రాయమంటే సగం మంది సినిమా హీరోలైపోతారు కనుక రోల్ నంబర్ చివరి అంకెలే రాయమనండి.

నెట్ బాగుచేయించడం మీ చేతిలో లేకపోతే ప్లికర్స్ అనే యాప్ వాడండి. పిల్లలకు ఫోను అవసరం లేదు, మీ ఫోను ఒక్కటే చాలు. ఒక్కో విద్యార్థికి క్యూఆర్ కోడ్‌ను తలపించే నల్లటి బొమ్మ ఉన్న కార్డు ఇస్తారు. దాని నాలుగు అంచులకు ఎ, బి, సి, డి అని చిన్న అక్షరాలుంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా పట్టుకుంటే చాలు, మీరు ఫోన్ కెమెరాతో గదిని ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టేస్తారు. కార్డులు 40, 63 చొప్పున రెండు సెట్లలో దొరుకుతాయి, 60 మంది సెక్షన్‌కు పెద్దదే ప్రింట్ తీయండి.

ఇక్కడ తప్పేవి మూడు. కార్డులు పాడవకూడదని మెరిసే లామినేషన్ చేయిస్తారు, ట్యూబ్‌లైటు దానిమీద పడి కెమెరాకు కనబడదు. మందపాటి కాగితం మీద మామూలు ప్రింటే మేలు. వేళ్లతో నల్లబొమ్మను కప్పేస్తారు, అంచులు పట్టుకోమని చెప్పాలి. ముందుబెంచీ చేతులు వెనకవాళ్ల కార్డులను మూసేస్తాయి. స్కాన్ చేసేటప్పుడు మీరు వేదిక మీద నిలబడితే ఇది చాలావరకు తగ్గుతుంది. కార్డు నంబరుకు రోల్ నంబరు ముడిపెట్టి, జాబితాను మీ నోట్‌బుక్కులో అతికించుకోండి.

పోల్ బాగానే నడిచింది, క్లాసు మాత్రం పలకలేదు

అందరూ నొక్కారు, 94 శాతం సరైన జవాబు, ఆ వెంటనే నిశ్శబ్దం. యాప్ తప్పేమీ లేదు. "త్వరణానికి ప్రమాణం ఏమిటి?" అని అడిగితే మాట్లాడటానికి ఏముంది? తెలిసినవాడికి తెలుసు, తెలియనివాడు పక్కవాడి ఫోను చూశాడు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి వాడుతూ వచ్చిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతి ఈ జబ్బుకే మందు. ఒక భావన మీద ప్రశ్న, ఒంటరిగా ఆలోచించి మొదటి ఓటు, పక్కవాళ్లతో వాదన, మళ్లీ ఓటు, చివర్లో వివరణ. మొదటి ఓటులో సరైనవి 30 నుంచి 70 శాతం మధ్య ఉంటేనే వాదన పెట్టాలి. 30 కంటే తగ్గితే వాదించుకోవడానికి తెలిసినవాళ్లే చాలరు, పాఠం ఇంకో దారిలో మళ్లీ చెప్పాలి. 70 దాటితే ఒక్క వాక్యంలో వివరించి ముందుకెళ్లాలి.

ఒక ప్రశ్నను దగ్గరగా చూద్దాం. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు, గాలి నిరోధం లేదు. అది అత్యంత ఎత్తులో ఉన్న క్షణాన దాని త్వరణం ఎంత?

ఎ) సున్నా
బి) కిందికి 9.8 మీ/సె²
సి) పైకి 9.8 మీ/సె²
డి) కిందికే, కానీ 9.8 కంటే తక్కువ

జవాబు బి. కానీ ఇక్కడ విలువంతా తప్పు జవాబులదే. ఎ అన్నవాడు వేగం సున్నా కనుక త్వరణమూ సున్నా అనుకున్నాడు. సి అన్నవాడి లెక్కలో చేయి తోసిన తోపు బంతిలో ఇంకా మిగిలే ఉంది. డి అన్నవాడు వేగం తగ్గుతుంటే త్వరణమూ తగ్గుతుందనుకున్నాడు. నాలుగూ నాలుగు బుర్రల్లో నిజంగా ఉండే ఆలోచనలు, నింపడానికి పెట్టిన చెత్త ఒక్కటీ లేదు. ఎ కి ఓట్లు గుట్టగా పడితే జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న వేయండి: వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అయితే మరుక్షణం బంతి ఎక్కడుంటుంది? గాల్లోనే వేలాడాలి కదా అని ఎవరో ఒకరు అంటారు, క్లాసు అక్కడ కదులుతుంది. కామర్స్‌లో ఇలాంటిదే: తరుగుదల పద్దు రాసిన రోజున బ్యాంకులో నగదు తగ్గుతుందా?

ఇలాంటి ప్రశ్న ఒక్కటి ఎనిమిది నిమిషాలు తింటుంది: ఆలోచన, ఓటు కలిపి రెండు, వాదన మూడు, రెండో ఓటు ఒకటి, వివరణ రెండు. కాబట్టి పీరియడ్‌కు రెండు, మహా అయితే మూడు.

పద్ధతి సరిగ్గా పెట్టినా వాదన లేవకపోతే మీరు మొదటి ఓటు తర్వాత బార్ గ్రాఫ్ చూపించేశారేమో చూసుకోండి. పొడుగు గీత ఏదో అందరూ దానివైపే జరుగుతారు, రెండో ఓటుకు అర్థం లేకుండా పోతుంది. ఫలితాలను దాచే బటన్ ఈ యాప్‌లలో ఉంటుంది, రెండో ఓటు అయ్యాకే తెరవండి. ఇంకో కారణం మన తొందర. ప్రశ్న అడిగాక అధ్యాపకులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, ఆ ఆగడం మూడు సెకన్లు దాటితే జవాబులు పొడుగవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపారు. మూడు సెకన్లు నిలబడటం ఎంత కష్టమో ఒకసారి లెక్కపెట్టుకుంటూ చూడండి.

కరెంటు పోయిన రోజు యాప్ లేకుండానే ఇది నడుస్తుంది. కళ్లు మూసుకొని, ఛాతీ ముందు వేళ్లు చూపించమనండి: ఎ కి ఒకటి, బి కి రెండు. చెయ్యెత్తమంటే మాత్రం టాపర్ చేయి లేచేదాకా ఎవరూ ఎత్తరు.

ఇంట్లో రాసిన క్విజ్‌లో అందరికీ 20 కి 20

జవాబులు వాట్సాప్ గ్రూపులో తిరిగాయి. ఆప్షన్ల వరసను ఒక్కొక్కరికి ఒక్కోలా తారుమారు చేయడం కొంచెం ఆపుతుంది, అంతే. గూగుల్ ఫారంలోని లాక్‌డ్ మోడ్ (క్విజ్ అయ్యేదాకా వేరే పేజీ తెరవనివ్వని ఏర్పాటు) సంస్థ నిర్వహించే క్రోమ్‌బుక్ లాప్‌టాప్‌లలోనే పనిచేస్తుంది, మన పిల్లల ఫోన్లలో కాదు.

లెక్కల ప్రశ్నలైతే రోల్ నంబరును ప్రశ్నలో కలపండి. రోల్ నంబరు చివరి రెండంకెలు ఎంతో, 100 కి అన్ని కలిపితే వచ్చినన్ని ఓమ్‌ల నిరోధం. బ్యాటరీ 12 వోల్టులు. విద్యుత్ ప్రవాహం ఎన్ని మిల్లీ ఆంపియర్లు? 37 వాడికి 137 ఓమ్‌లు, జవాబు 87.6. 38 వాడికి 87.0. జవాబులు షీట్‌లోకి వచ్చాక ఒక వరసలో సూత్రంతో అసలు విలువ, పక్క వరసలో తేడా వేయండి. తేడా 0.1 లోపుంటే మార్కు. "ఒక శాతం అటూ ఇటూ పర్లేదు" అని పెట్టారో, 37 వాడి జవాబు 38 వాడికీ చెల్లిపోతుంది. జేఎన్‌టీయూ తరహా నంబర్లలో 99 తర్వాత ఏ0, ఏ1 అని అక్షరాలొస్తాయి. వాళ్లకు హాజరుపట్టీ వరస సంఖ్య చివరి రెండంకెలు వాడమనండి.

వీడియో పెడితే ఎవరూ చివరిదాకా చూడటం లేదు

45 నిమిషాల పాఠాన్ని యథాతథంగా రికార్డు చేసి పెట్టారు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల మీద 2014లో వచ్చిన విశ్లేషణలో విద్యార్థులు ఒక వీడియోతో గడిపే సమయం ఆరు నిమిషాల దగ్గరే ఆగిపోతున్నట్టు తేలింది. ఒక భావనకు ఒక వీడియో, ఆరు నిమిషాలు. యూట్యూబ్ స్టూడియోలో చూపరులు ఎంతదాకా చూశారో చెప్పే రిటెన్షన్ గీత ఎక్కడ పడిపోయిందో చూసి ఆ చోటును తిరగరాయండి.

బొమ్మ మసకగా ఉన్నా భరిస్తారు, మాట వినపడకపోతే మూసేస్తారు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి, పైన ఫ్యాను ఆపేయాలి. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేస్తే ఎంకేవీ ఫార్మాట్‌లో పెట్టుకోండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా అయిన భాగం దక్కుతుంది, తర్వాత ఫైల్ మెనూలోని రీమక్స్‌తో ఎంపీ4 చేసుకోవచ్చు. వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

అసైన్‌మెంట్లన్నీ ఒకే గొంతుతో, చక్కటి ఇంగ్లీషులో వస్తున్నాయి

ఏఐ రాసిందని పట్టించే సాధనాలను నమ్మి మార్కులు కోయకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ తన సొంత గుర్తింపు సాధనాన్నే సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జూలైలో ఆపేసింది. వ్యాసం పూర్తి కాపీ అడగడం మాని, గూగుల్ డాక్‌లో మీకు ఎడిట్ అనుమతితో రాయమనండి. వెర్షన్ హిస్టరీలో వాక్యాలు మెల్లగా పెరిగాయా, 900 పదాలు ఒక్క దెబ్బకు వచ్చి పడ్డాయా కనిపిస్తుంది. ఒక్క దెబ్బకు పడినంత మాత్రాన దొంగతనం అనలేం, నోట్‌బుక్కులో రాసుకొని టైపు చేసినవాళ్లూ ఉంటారు. అందుకని వారానికి పది మందిని పిలిచి, వాళ్లు రాసిన పేరాలోంచే ఒక వాక్యం చూపించి, ఇది ఎందుకు నిజమో రెండు నిమిషాల్లో చెప్పమనండి. 60 మంది ఆరు వారాల్లో పూర్తవుతారు. ఎవరి వంతు ఎప్పుడో ముందే చెప్పకండి.