ఒకే పియానిస్టు, ఒకే రచన, మధ్యలో పాతికేళ్లు: రెండు రికార్డింగుల్ని పోల్చి వినడం ఎలా?

ఒక పియానిస్టు అదే రచనను చాలా ఏళ్ల తర్వాత మళ్లీ రికార్డు చేస్తే, మనలో చాలామంది రెండూ ఒకసారి వినేసి "మొదటిది కుర్రతనం, రెండోది పరిణతి" అని తేల్చేస్తాం. ఆ మాట అనడానికి అసలు వినక్కర్లేదు, వయసు తెలిస్తే చాలు. నిజంగా ఏం మారిందో పట్టుకోవాలంటే కొంచెం పద్ధతిగా వినాలి. సంగీతం చదవడం రాకపోయినా ఫర్వాలేదు.

ముందు మంచి జత ఎంచుకోండి. మొదటిసారి అయితే కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ వాయించిన బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ తీసుకోండి. బాఖ్ పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త, ఈ రచనలో ముందు ఆరియా అనే నెమ్మదైన చిన్న భాగం, దాని తర్వాత అదే పునాది మీద అల్లిన ముప్ఫై రూపాలు (వేరియేషన్లు) వస్తాయి. 1955లో ఒకసారి, 1981లో ఇంకోసారి, రెండూ న్యూయార్క్‌లోని ఒకే స్టూడియోలో రికార్డయ్యాయి. తేడాలు ఎంత కొట్టొచ్చినట్టు ఉంటాయంటే, కొత్తవాళ్లకి కూడా మొదటి నిమిషంలోనే దొరుకుతాయి.

తేదీ చూసుకోండి. యాప్‌లో ఆల్బమ్ పక్కన కనిపించే సంవత్సరాన్ని నమ్మొద్దు. అది చాలాసార్లు రీమాస్టర్ చేసిన (పాత రికార్డింగ్ ధ్వనిని మెరుగుపరిచిన) ఏడాదో, మళ్లీ విడుదల చేసిన ఏడాదో అయి ఉంటుంది, మనకు కావలసింది రికార్డింగ్ జరిగిన ఏడాది. ఇది చూసుకోకపోతే ఒకే రికార్డింగ్ రెండు విడుదలల్ని పక్కపక్కన పెట్టుకుని లేని తేడాలు వెతుకుతూ కూర్చుంటాం.

తర్వాత యంత్రం చేసే మాయను పక్కన పెట్టండి. 1955ది మోనో, అంటే ధ్వని అంతా ఒకే చానెల్‌లో ఉంటుంది, 1981ది డిజిటల్. పియానోలు కూడా వేరు, అప్పుడు స్టైన్‌వే, తర్వాత యమహా. కాబట్టి "రెండోదాంట్లో స్వరం ఇంకా స్పష్టంగా ఉంది" అనిపిస్తే ఆ మార్కులు గూల్డ్ వేళ్లకే వేసేయకండి. వాల్యూమ్ కూడా రెండింటికీ దాదాపు సమానంగా పెట్టుకోవాలి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. ఇంకా పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులైతే ఒక్కో వైపు పట్టేది నాలుగు నిమిషాలకు కాస్త అటూ ఇటూ, పెద్ద రచనల్ని ముక్కలు చేయక తప్పేది కాదు, అప్పుడప్పుడు కోతలు కూడా ఉండేవి.

ఇప్పుడు నిడివి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. 1955 రికార్డింగ్ సుమారు 38 నిమిషాలు, 1981ది 51. "అమ్మో, అంత నెమ్మదా" అనుకునే ముందు ఒకటి చూడండి: ఆరియా, వేరియేషన్లు ఒక్కోటీ రెండు సగాలుగా ఉంటాయి, బాఖ్ ప్రతి సగాన్నీ రెండుసార్లు వాయించమని గుర్తులు పెట్టాడు, గూల్డ్ 1955లో వాటిని పూర్తిగా వదిలేశాడు, 1981లో మాత్రం కొన్ని వేరియేషన్లలో మొదటి సగాన్ని మళ్లీ వాయించాడు. అంటే ఆ పదమూడు నిమిషాల్లో కొంత రిపీట్లదే. అసలు వేగం తెలియాలంటే రిపీట్ లేని చోటు పట్టుకోవాలి. మొదట్లో వచ్చే ఆరియా అందుకు సరిగ్గా సరిపోతుంది, రెండుసార్లూ రిపీట్ లేకుండానే వాయించాడు. అందులో 32 బార్లు (బారంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది), బారుకు మూడు బీట్లు (దెబ్బలు), మొత్తం 96. మొదటిదానికి దాదాపు 1 నిమిషం 53 సెకన్లు, రెండోదానికి 3 నిమిషాల పైచిలుకు. లెక్కేస్తే నిమిషానికి 51 బీట్ల దగ్గర నుంచి 31కి దిగాడు. ఇది మాత్రం అచ్చంగా గూల్డ్ నిర్ణయమే.

ఇక చిన్న ముక్క తీసుకుని నమిలి నమిలి వినండి. మొత్తం రచన వద్దు. ఆరియాలో మొదటి ఎనిమిది బార్లు చాలు. పాతది, కొత్తది, మళ్లీ పాతది. మొదటిసారి కుడిచేతి రాగాన్ని వదిలేసి, ఎడమచేతి అడుగు స్వరాల మీదే చెవి పెట్టండి. అవి జి నుంచి డి దాకా (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు) మెట్టుమెట్టుగా దిగి, అక్కణ్ణించి బి, సి, డి మీదుగా మళ్లీ జికి చేరతాయి. ముప్ఫై వేరియేషన్లూ నిలబడింది ఈ పునాది మీదే, పైనున్న రాగం మీద కాదు. నెమ్మదించినప్పుడు ఈ అడుగు స్వరాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయా, లేక దేనికది విడిగా నిలబడిందా? తర్వాతి విడత కుడిచేతి అలంకారాలు వినండి, అవి బీటు మీద పడుతున్నాయా, కాస్త జాగు చేస్తున్నాయా అని. పనిలో పనిగా వెనకాల గూల్డ్ కూనిరాగం కూడా వినిపిస్తుంది, అది కొందరికి చిరాకు, నాకైతే ఇష్టమే.

రాసుకునేటప్పుడు "లోతుగా ఉంది", "హృద్యంగా ఉంది" లాంటి మాటలు వద్దు. "నాలుగో బారు చివర ఆగాడు", "ఎడమచెయ్యి మెత్తబడింది" అని రాయండి, మర్నాడు మళ్లీ విని సరిచూసుకోవచ్చు.

అతుకులు కూడా వినండి. ఆరియా అయిపోయి మొదటి వేరియేషన్ మొదలయ్యే చోటును రెండింట్లోనూ కలిపి వినండి. 1981లో గూల్డ్ ఒక వేరియేషన్ లయకూ తర్వాతిదాని లయకూ లెక్క ప్రకారం ముడిపెట్టే ప్రయత్నం చేశాడు, కాబట్టి కాలితో తాళం వేస్తూ దాన్ని ఆపకుండా తర్వాతి ట్రాక్‌లోకి వెళ్లి చూడండి, చాలాచోట్ల ఆ తాళం రెట్టింపుగానో సగంగానో పనికొస్తుంది. విడివిడి ట్రాకులుగా, అందులోనూ షఫుల్‌లో వినేవాళ్లకి ఇది ఎప్పటికీ దొరకదు.

చివరగా మూడో రికార్డింగ్ ఒకటి దించండి. గూల్డ్ 1959లో సాల్జ్‌బర్గ్‌లో ఇదే రచనను కచేరీలో వాయించిన రికార్డింగ్ ఉంది. రెండిటి మధ్య మీరు పట్టుకున్న ఒక్కో తేడానూ దీంతో సరిచూడండి. అందులో ఏదైనా 1959 నాటికే వచ్చేసి ఉంటే దాన్ని వయసు ఖాతాలో వేయడం కుదరదు, అప్పటికి గడిచింది నాలుగేళ్లే.