నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతే: లక్షణం, కారణం, మరమ్మతు

మోటారు సైకిలు దారిలో ఆగిపోగానే చాలామంది చేసే మొదటి పని సెల్ఫ్ బటన్‌ను పదే పదే నొక్కడం. దానివల్ల బ్యాటరీ దిగిపోయి, అసలు లోపానికి ఇంకొకటి తోడవుతుంది; ఏది ముందు వచ్చిందో తరువాత మెకానిక్ కూడా చెప్పలేడు. బండిని పక్కకు తీసి, అది ఏ తీరున ఆగిందో ముందుగా గుర్తు చేసుకోవాలి. విజయవాడలో కనకదుర్గ వారధి మీదో, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీదో ఆగితే మాత్రం మరమ్మతు మాట పక్కనపెట్టి కిందికి నెట్టుకుపోవడమే క్షేమం.

స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే లోపం చాలావరకు కరెంటుకు సంబంధించినది. కొంతదూరం కొట్టుకుంటూ, ఎక్సలరేటర్ తిప్పినా లాగక, చివరికి ఆగితే పెట్రోలు అందడం లేదని అనుమానించాలి. ఇంజన్‌లో చప్పుడు పెరిగి, వెనుక చక్రం పట్టేసినట్టయి ఆగితే ఇక దారిలో చేయగలిగినది ఏమీ లేదు.

లక్షణం: లైట్లు, హారన్ కూడా పనిచేయవు

మెయిన్ ఫ్యూజు కాలిపోవడమో, బ్యాటరీ టెర్మినల్ వదులవడమో ఇందుకు కారణం. గుంతల రోడ్డు మీద, స్పీడ్ బ్రేకర్ దాటగానే ఆగిన బండ్లలో రెండోది ఎక్కువ. టెర్మినల్‌పై పేరుకున్న తెల్లటి బూజును శుభ్రం చేసి, స్క్రూ బిగించాలి. ఫ్యూజు మార్చేటప్పుడు పాతదానిపై ఎన్ని ఆంపియర్లని ఉందో అంతే వేయాలి. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి నడపడం వైరింగును తగలబెట్టుకోవడమే. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోందన్నమాట. హ్యాండిల్ తిరిగేచోట ముందు వెతకాలి.

సెల్ఫ్ నొక్కితే టక్‌టక్‌మని మాత్రమే వినిపించి, హారన్ నీరసంగా మోగితే బ్యాటరీ దిగిపోయిందని అర్థం. మామూలు పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉన్న బండిని ఎలాగో స్టార్ట్ చేశాక, ఇంజన్ కొంచెం రైజ్‌లో ఉండగా మల్టీమీటరుతో కొలిస్తే 13.5 నుంచి 14.5 వోల్టుల దాకా చూపాలి. పదమూడు దాటకపోతే బ్యాటరీ మార్చి లాభం లేదు. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్‌ను, ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసే రెగ్యులేటర్‌ను పరీక్షించాలి.

లక్షణం: లైట్లు బాగున్నాయి, ఇంజన్ తిరుగుతుంది, అందుకోదు

కుడి హ్యాండిల్‌పై ఉన్న ఎర్రటి కిల్ స్విచ్‌కు పొరపాటున చెయ్యి తగిలిందేమో ముందు చూడాలి. చెప్పుకోవడానికి సిగ్గుపడతారు గాని, మెకానిక్ దాకా వెళ్లిన బండ్లలో ఇలాంటివీ ఉంటాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బొరేటర్ బదులు పంపుతో పెట్రోలును ఇంజన్‌లోకి చిమ్మే) బండి కిందపడి లేచిన తరువాత స్టార్ట్ కాకపోతే, పడిపోయినప్పుడు ఇంజన్‌ను ఆపే సెన్సార్ పనిచేసిందేమో చూడాలి. చాలా బండ్లలో తాళం ఆపి మళ్లీ తిప్పితే సరిపోతుంది.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనల తరువాత వచ్చిన బండ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. వీటిలో తాళం తిప్పగానే ట్యాంకు లోపల పంపు రెండు మూడు సెకన్లు జుయ్యిమంటుంది. ఏలూరు రోడ్డు రద్దీలో అది వినబడదు కాబట్టి ట్యాంకుకు చెవి ఆనించి వినాలి. శబ్దం లేకపోతే పంపు ఫ్యూజు, రిలే, కనెక్టర్, ఆఖరున పంపు, ఈ వరుసలో చూడాలి.

పంపు శబ్దం మామూలుగానే వినిపిస్తే, ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ సంగతి చూడాలి. పాత ప్లగ్‌ను దాని స్థానంలోనే ఉంచి, క్యాప్ మాత్రం ఊడదీసి కొత్త ప్లగ్‌కు తగిలించి, దాని లోహభాగాన్ని ఇంజన్‌కు ఆనించి సెల్ఫ్ గాని కిక్ గాని కొట్టాలి. రంధ్రం మూసి ఉండడం వల్ల పెట్రోలు ఆవిరి బయటికి రాదు, నిప్పురవ్వకు అంటుకోదు. నీలిరంగు నిప్పురవ్వ గట్టిగా పడితే ఇగ్నిషన్ బాగున్నట్టే. అప్పుడు పాత ప్లగ్ మార్చి చూడాలి.

లక్షణం: ఎండలో ఆగుతుంది, అరగంట తరువాత ఏమీ కానట్టు స్టార్ట్ అవుతుంది

మెకానిక్‌లను ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే, ఎందుకంటే షెడ్డుకు చేరేసరికి బండి చల్లబడి చక్కగా నడుస్తుంది. మే నెల బెజవాడ ఎండలో, సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ వచ్చిన బండికి రెండు కారణాలుండవచ్చు. ప్లగ్‌కు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్‌లో గాని, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సంకేతమిచ్చే పికప్ కాయిల్‌లో గాని సన్నని తీగ వేడికి వ్యాకోచించి తెగినట్టయి, చల్లబడగానే తిరిగి కలుసుకోవడం ఒకటి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం దుమ్ముతోనో పాలిష్‌తోనో మూసుకుపోయి, పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, పెట్రోలు కిందికి దిగకపోవడం రెండోది. ఇది కార్బొరేటర్ బండ్లలో ఎక్కువ.

రెంటినీ వేరు చేయడం తేలికే. ఆగిన వెంటనే, చల్లబడనివ్వకుండా, ట్యాంకు మూత తెరవాలి. లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం వచ్చి, కాసేపటికి బండి స్టార్ట్ అయితే తప్పు మూతది. సన్నని తీగతో రంధ్రం శుభ్రం చేస్తే చాలు. మూత తెరిచినా మార్పు లేకపోతే దాన్ని మళ్లీ మూసి, అప్పుడే, ఆ వేడిలోనే, నిప్పురవ్వను పరీక్షించాలి. అది పడకపోతే కాయిల్ నిరోధాన్ని వేడిగా ఉన్నప్పుడు కొలవమని మెకానిక్‌ను అడగాలి. చల్లని కాయిల్‌ను కొలిచి బాగుందనడం వల్లనే ఈ లోపం నెలల తరబడి సాగుతుంది.

లక్షణం: నీళ్లలో ఆగిపోయింది

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటిలా నీళ్లలో నిలిచిన బండ్లను సెల్ఫ్ కొట్టకూడదన్నది ఎంత చెప్పినా తక్కువే. నీరు గాలిలా నొక్కుకుపోదు. సిలిండర్‌లో అది ఉండగా పిస్టన్‌ను బలంగా తోస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. ప్లగ్ ఊడదీసి, కిక్ ఉంటే నెమ్మదిగా తొక్కి, లేకపోతే గేరులో వేసి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పి, లోపలి నీరు బయటికి పంపాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగి ఉంటే మార్చాలి, కొద్దిసేపు నడిపి మళ్లీ మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ తడిస్తే మార్చక తప్పదు.

ఆటోనగర్‌లో బండిని అప్పగించేటప్పుడు సీడీఐ (నిప్పురవ్వను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) గాని ఈసీయూ (ఫ్యూయల్ ఇంజెక్షన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) గాని పోయిందని మెకానిక్ అంటే, అదే మోడల్ బండిది తెచ్చి పెట్టి చూపించమని అడగాలి. ఖరీదైన ఈ భాగాలను సరిగా పరీక్షించే వీలు లేక, ఊహ మీద మార్చేసిన సందర్భాలు చాలా ఉంటాయి. మార్చిన పాత భాగాన్ని వెంట తెచ్చుకోవాలి.